మన కాగితాలకు తాళం ఏది?

పోయిన ఎండాకాలం మా ఇంట్ల కంప్యూటర్ ఆన్ అవుడు బంద్ అయింది. డిగ్రీ ఫస్టియర్‌ల ఉన్నప్పుడు బాపు పత్తి పైసలతో కొనిచ్చిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ అది. సీపీయూను యూరియా సంచిలో పెట్టుకొని, చివ్వెంలలో ఆటో ఎక్కి, సూర్యాపేటలో ఒక రిపేరు షాపులో ఇచ్చి వచ్చిన. "డేటా పోకుండ చూస్త అన్నా" అన్నడు షాపులో తమ్ముడు. "పాస్‌వర్డ్ ఉంది, చెప్పనా?" అని అడిగితే "అక్కర్లే" అన్నడు. ఆ "అక్కర్లే"కు అర్థమేందో నాకు అప్పుడు ఎక్కలే.

మూడు రోజులకు పోతే కంప్యూటర్ బాగయింది. పైసలు ఇస్తుంటే కౌంటర్ మీద వాళ్ల కంప్యూటర్ తెర కనబడ్డది. అందులో నా పేరుతో ఒక ఫోల్డర్. దాని లోపల "తండా కాగితాలు". నా హార్డ్‌డిస్క్ ఊడదీసి, వాళ్ల కంప్యూటర్‌కు తగిలించి, మొత్తం కాపీ తీసిండు. నా పాస్‌వర్డ్‌తో వానికి పనే పడలే. "బ్యాకప్ అన్నా, నీ మంచికే" అన్నడు. నిజమే, నా మంచికే చేసిండు. ఆ తమ్ముని మీద నాకు కోపం లేదు. నా ముందే డిలీట్ కూడా కొట్టిండు.

కానీ ఆ మూడు రోజుల్లో ఆ కుర్చీలో ఎంతమంది కూసున్నరో నాకు తెల్వదు. డిలీట్ కొట్టిన ఫైళ్లను మళ్లీ పైకి తీసే సాఫ్ట్‌వేర్లు ఎన్ని ఉన్నయో మాత్రం తెలుసు.

ఆ ఫోల్డర్‌లో ఏమున్నయో చెప్త. నాలుగేండ్ల నుంచి మా తండాలో ఎవరికి ఏ కాగితం పని పడ్డా నేనే స్కాన్ చేసి పెట్టుకుంటున్న. ఆధార్‌లు, పట్టాదారు పాస్‌బుక్కులు, బ్యాంకు పుస్తకాలు, కుల సర్టిఫికెట్లు. ధరణిలో పేరు తప్పు పడ్డోళ్ల అర్జీలు. పింఛను ఆగిన ముసలోళ్ల అర్జీలు, కింద వాళ్ల వేలిముద్రలతో సహా. ఒక ఆడపిల్ల తన మీద జరిగినదంతా ఏడ్చుకుంట చెప్తుంటే నేను టైపు చేసిన నాలుగు పేజీలు. ఒక అట్రాసిటీ కేసులో సాక్ష్యం చెప్పనీకి ఒప్పుకున్నోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు.

అన్నీ ఒక్క ఫోల్డర్‌లో, తాళం లేకుండ.

ఇంటికి వచ్చినంక రెండు రోజులు ఎవరికీ చెప్పలే. మూడో రోజు తండాల పెద్దమనుషులను, కాగితాలు ఇచ్చినోళ్లను కూసోబెట్టి జరిగింది చెప్పిన. ఎవరూ తిట్టలే. ఒక ముసలమ్మ మాత్రం ఒక్క మాట అన్నది: "నీ దగ్గరుంటే నా పెట్టెలో ఉన్నట్టే అనుకున్న బిడ్డా."

అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ మాట పడ్డంకనే ఈ పోస్టు రాస్తున్న. ఇది కంప్యూటర్ క్లాసు అనుకొని దాటేయకండ్రి. మనలో ప్రతి తండాకూ, ప్రతి గూడేనికీ ఒక చదువుకున్న పిలగాడో పిల్లో ఉన్నరు. వాళ్ల దగ్గర ఒక కంప్యూటరో లాప్‌టాపో ఉంది. అందులో ఇట్లాంటి ఫోల్డరే ఉంది. ఆ ఫోల్డర్ వాళ్లది అనుకుంటున్నరు. కాదు. అది తండా పెట్టె.

*

ఈ మాట ఎత్తంగనే వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. "మనం తప్పు చేస్తున్నమా? మనకు దాచుకునేది ఏముంది?" మన సీనియర్లు కొందరు కూడా ఇదే అంటరు. తాళం వేస్తే అనుమానం వస్తదట.

అయ్యా, మీ ఇంటికి తలుపు ఉందా? గొళ్లెం పెడుతున్నరా? దొంగసొమ్ము ఉన్నదనే పెడుతున్నరా?

దాచుకునుడు వేరే. కాపాడుకునుడు వేరే. ఆ ఆడపిల్ల చెప్పిన నాలుగు పేజీలు నావి కావు, వాటిని బయట పెట్టే హక్కు నాకు లేదు. లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు బయటపెట్టుడు నేరం అని చట్టమే చెప్తుంది. పాత ఐపీసీలో 228ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ చేసి 15ఏ సెక్షన్ పెట్టిన్రు. బాధితులకు, సాక్షులకు రక్షణ ఇయ్యాలె, బెదిరింపులు లేకుండ చూడాలె అని. ఆ సెక్షన్ అమలు చేయాలె అని మనం కలెక్టర్ ఆఫీసు ముందు ధర్నా చేస్తం. అదే సాక్షుల పేర్ల లిస్టును రిపేరు షాపు కౌంటర్ మీద వదిలేసి వస్తం. ఆ ధర్నాకు ఏం విలువ ఉన్నట్టు?

ఇగ వేలిముద్ర సంగతి. మన అవ్వలు, తాతలు సంతకం రాక బొటనవేలు పెడ్తరు. అది ఉత్త మరక అనుకుంటున్నం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నరు. వాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి డాక్యుమెంట్లు దించుకొని, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసి, వాటితో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిండని పోలీసులు చెప్పిన్రు. బొంబాయిలో కాదు, ఢిల్లీలో కాదు, మన తెలంగాణ ధర్మారంలో. స్కాన్ చేసిన కాగితమే చాలింది.

మన ముసలోళ్ల పింఛను వేలిముద్ర మీద నడుస్తది. రేషన్ వేలిముద్ర మీద నడుస్తది. ఊర్లకు వచ్చే బ్యాంకు మిషన్ల మీద వేలు పెడితే పైసలు వస్తయి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడూ ఒక్కకాడ దొరికితే ఆ మనిషి జేబు దొరికినట్టే. నా ఫోల్డర్‌లో మూడూ ఒక్కకాడనే ఉన్నయ్, మనిషికొక సబ్‌ఫోల్డర్ చొప్పున, పేర్లు రాసి మరీ. దొంగకు ఇంతకంటే మంచిగ ఎవడు సర్ది పెడ్తడు?

సర్కారు మన కాగితాలను కాపాడతదా? 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచే దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనబడుతున్నయని అంచనా కట్టింది. అవి ఏ పథకాలవి? ఉపాధి హామీ, పింఛన్లు, బీమా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి. పెద్దోళ్ల షేర్ల లెక్కలు కావు అవి. మట్టి పని చేసిన కూలోళ్ల నంబర్లు, పింఛను తీసుకునే ముసలోళ్ల నంబర్లు. మనం ఒక ఫైలు గురించి ఆర్టీఐ వేస్తే "ఇయ్యలేం" అంటరు. మన బతుకు ఫైలు మాత్రం బజార్ల ఉంటది. వాళ్లది బీరువాలో, మనది బజార్లో.

అట్లాంటి సర్కారును ప్రశ్నించే మనం, మన ఇంట్ల అదే పని చేస్తే ఎట్ల?

*

ఇగ తాళాల సంగతి. మనోళ్లు కొందరు "మేం లాక్ చేసినం" అంటరు. ఏం చేసిన్రని అడిగితే నాలుగు రకాలు చెప్తరు.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి "హిడెన్" పెట్టినం అంటరు. దాచిన ఫైళ్లు చూపించు అని ఒక్క టిక్ పెడితే అన్నీ బయటపడ్తయి. అది తాళం కాదు, గోనెపట్ట కప్పినట్టు.

యూట్యూబ్‌లో చూసి నోట్‌ప్యాడ్‌లో కోడ్ రాసి "ఫోల్డర్ లాకర్" చేసినం అంటరు. అది చేసేదల్లా ఫోల్డర్ పేరు మార్చి దాచుడే. ఇంకో ముచ్చట, నీ పాస్‌వర్డ్ ఆ నోట్‌ప్యాడ్ ఫైలులోనే అక్షరాలా రాసి ఉంటది. రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ అంటే కనబడ్తది. తాళానికే చెవిని కట్టి పెట్టినట్టు.

ఫోల్డర్ పేరు "సిస్టమ్32 పాతది" అని పెట్టినం అంటరు. నవ్వొస్తది గానీ నేనూ ఒకప్పుడు పెట్టిన.

విండోస్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అంటరు. నా కథ చూసిన్రు. డిస్క్ గుప్తీకరణ లేకుంటే ఆ పాస్‌వర్డ్ దర్వాజకు మాత్రమే. గోడ తీసేసి లోపలికి వచ్చేటోనికి దర్వాజతో పనేంది? హార్డ్‌డిస్క్ ఊడదీసినా, పెన్‌డ్రైవ్ మీద నుంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపినా, ఫైళ్లన్నీ తెరిచిన పుస్తకమే.

అసలు తాళం ఎన్‌క్రిప్షన్. అంటే గుప్తీకరణ. ఇది ఫైలును దాచదు. ఫైలు లోపలి రాతనే మార్చేస్తది. పాస్‌వర్డ్ లేనోడు డిస్క్ ఊడదీసినా, కాపీ కొట్టినా, వానికి దొరికేది అర్థం లేని చెత్త. ఇందులో ఎక్కువ వాడేది ఏఈఎస్ అనే పద్ధతి. 2001 నుంచి అది ఎట్ల పనిచేస్తదో లోకమంతా చదువుకోవచ్చు, రహస్యమేం లేదు. పద్ధతి అందరికీ తెలిసినా చెవి లేకుంటే తెరుచుకోదు. మంచి తాళం అంటే అదే. "మా టెక్నిక్ ఎవరికీ చెప్పం" అని అమ్మే యాప్‌లను నమ్మకండ్రి.

ఇంట్ల చేసుకునే దారులు మూడు చెప్త. మూడిట్ల దేనికీ రూపాయి ఖర్చు లేదు.

ఒకటి, సెవెన్‌జిప్. ఉచితం. ఫోల్డర్‌ను ఒక్క ఫైలుగా కట్టి పాస్‌వర్డ్ వేస్తది. కట్టేటప్పుడు సెవెన్‌జడ్ రకం ఎంచుకొని, ఫైళ్ల పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్ చేయమనే టిక్ పెట్టాలె. లేకుంటే లోపల ఏమున్నదో తెరవకపోయినా, "ఫలానా అమ్మాయి స్టేట్‌మెంట్" అన్న పేరు కనబడ్తది. పేరు కనబడితే సగం కథ బయటపడ్డట్టే. మనోళ్లు ఎక్కువ తప్పు చేసేది దీని తర్వాత. మూట కట్టినంక అసలు ఫోల్డర్ అట్లనే పక్కన ఉంటది. దాన్ని తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలె. అంత చేసినా పాత రాతలు డిస్క్ మీద కొన్నాళ్లు మిగిలి ఉండొచ్చు. పంపనీకి, పెన్‌డ్రైవ్‌లో దాచనీకి ఇది మంచిది. రోజూ వాడే ఫోల్డర్‌కు ఇది చాలదు.

రెండు, వెరాక్రిప్ట్. ఇదీ ఉచితమే, దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఇది మీ డిస్క్ మీద ఒక ఇనుప పెట్టె చేసిస్తది. పాస్‌వర్డ్ కొడితే ఆ పెట్టె ఒక కొత్త డ్రైవ్ లెక్క తెరుచుకుంటది. అందులోనే రాసుకుంటరు, అందులోనే పెట్టుకుంటరు. పని అయినంక మూసేస్తే మళ్లీ ఒక్క ఫైలు తప్ప ఏం కనబడదు. తండా కాగితాలకు నేను ఇప్పుడు వాడేది ఇదే. స్కాన్ చేసేటప్పుడే నేరుగా ఆ పెట్టెలోకి సేవ్ చేయండ్రి, బయట డెస్క్‌టాప్ మీద కాదు.

మూడు, డిస్క్ మొత్తానికి తాళం. విండోస్ ప్రో ఉన్నోళ్లకు బిట్‌లాకర్ ఉంటది. హోమ్ ఉన్న కొత్త లాప్‌టాప్‌లు చాలా వాటిలో "డివైస్ ఎన్‌క్రిప్షన్" అని సెట్టింగ్స్‌లో ఉంటది. ఉబుంటు వేసుకునేటోళ్లకు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడుగుతది. లాప్‌టాప్ బస్సులో పోయినా, ఎవడన్నా ఎత్తుకపోయినా ఇదే కాపాడ్తది. బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ ఇస్తది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలె. లేకుంటే ఏదో ఒకనాడు కంప్యూటర్ ఆ కీ అడుగుతది, మీ దగ్గర ఉండదు, మీ ఫైళ్లు మీకే దొరకవు.

ఇగ పాస్‌వర్డ్. పుట్టిన తేదీ, తండా పేరు, ఫోన్ నంబరు వద్దు. మిమ్మల్ని ఎరిగినోడు మొదలు కొట్టి చూసేవి అవే. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు మాటలు తీసుకోండ్రి. మన గోర్‌బోలిలో రెండు, తెలుగులో రెండు, చిన్నప్పుడు చూసిన వస్తువు ఒకటి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండ్రి. ఎంత పొడుగుంటే అంత బలం. కోయ, గోండి, చెంచు మిత్రులు మీ మాటలు వాడుకోండ్రి. బడిలో మాట్లాడితే నవ్విన భాష, ఇక్కడన్న మన పనికి కావలి ఉంటది.

మరిచిపోతే ఎట్ల? ఎన్‌క్రిప్షన్‌లో "పాస్‌వర్డ్ మరిచారా" అనే బటన్ లేదు. పోతే పోయినట్టే. అందుకని కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, మా యాడి ట్రంకు పెట్టెలో పెట్టిన. ఆ పెట్టె తాళం చెవి యాడి నడుముకే ఉంటది. కీబోర్డు కింద చీటీ పెట్టేకన్న ఇది నూరుపాళ్లు నయం. ఇంకో నమ్మకమైన మనిషి దగ్గర, వేరే ఊర్లో, ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచిన. డిస్క్ చెడిపోతే తాళం ఏం కాపాడదు, రెండో కాపీనే కాపాడ్తది.

*

తాళం వేస్తే అన్నీ అయిపోయినయ్ అనుకోకండ్రి. తాళానికీ ఒక హద్దు ఉంది. దాన్ని చెప్పకుంటే మిమ్మల్ని మోసం చేసినట్టు.

జార్ఖండ్ ఆదివాసీల జైలు బతుకుల గురించి, భూముల గురించి పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి మనందరికీ తెలుసు. 2020 అక్టోబర్‌లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టయి, 84 ఏండ్ల వయసులో 2021 జూలై 5న కస్టడీలోనే చనిపోయిండు. ఆయన కంప్యూటర్‌లో దొరికినయన్న ఫైళ్లే ఆయన మీద సాక్ష్యం. ఆయన వకీళ్ల తరఫున ఆ డిస్క్ కాపీని పరిశీలించిన అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, బయటి నుంచి ఒకడు వైరస్‌తో చొరబడి ఆ ఫైళ్లను అందులో పెట్టిండని 2022 డిసెంబర్‌లో బయటికి వచ్చిన నివేదికలో చెప్పింది. అదే కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్ గురించి 2021లోనే అట్లనే చెప్పింది. దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ ఈ నివేదికలను ఒప్పుకోలే. ఎవరేమన్నా మనకు పాఠం మాత్రం సాఫ్ ఉంది. మీరు పెట్టె తెరిచి పని చేస్తున్నప్పుడు మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంటే, అదీ మీతోపాటే లోపలికి వస్తది. తాళం ఏం చేయలేదు.

అందుకని సినిమా కోసం, దొంగ విండోస్ కోసం, ఫ్రీ ఫోటోషాప్ కోసం కనబడ్డ ప్రతి క్రాక్ ఫైలు నొక్కకండ్రి. "పీఎం కిసాన్ లిస్ట్" అని వాట్సాప్‌లో వచ్చే ఫైలు తెరవకండ్రి. ఎవరు పంపిన్రో ఫోన్ చేసి అడిగినంకనే అటాచ్‌మెంట్ తెరవండ్రి. తండా కాగితాలున్న కంప్యూటర్ మీద గేములు, క్రాకులు రెండూ బంద్.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలె. సొంత ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకునుడు నేరం కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. అట్లని ఐటీ చట్టం 69వ సెక్షన్‌ను మరిచిపోవద్దు. దాని కింద అధికారం ఉన్నోళ్లు డీక్రిప్ట్ చేసి ఇయ్యమని ఆదేశం ఇయ్యొచ్చు, సహకరించకుంటే ఏడేండ్ల దాకా శిక్ష ఉంటది. అట్లాంటి పరిస్థితి వస్తే దర్వాజ కాడ కొట్లాడకండ్రి, వకీలుకు ఫోన్ చేయండ్రి. సోదా జరిగితే దాన్ని వీడియో తీయాలని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెప్తుంది. డిస్క్ తీసుకుపోతే పంచనామాలో దాని హాష్ విలువ రాయమని అడగండ్రి. అది ఆ డిస్క్‌కు వేలిముద్ర లాంటిది. ఆ తర్వాత లోపల ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారుతది.

*

చివరి మాట మన నాయకులకు. నేనూ అందులో ఉన్న కాబట్టి గట్టిగనే అంటున్న.

తాళం అనంగనే సంఘం చందాల లెక్క, మీటింగ్ తీర్మానాలు, అధికారులతో మాట్లాడినయ్ కూడా ఆ పెట్టెలో వేసి మూసే ఆలోచన మనకు రావొద్దు. అవి తెరిచే ఉండాలె, గోడకు అంటించాలె. పేదోని ఆధార్‌కు తాళం లేక, నాయకుని లెక్కలకు తాళం ఉంటే అది ఉద్యమం కాదు, ఇంకో ఆఫీసు. ఎవరి కాగితమో వాళ్లు అడిగినప్పుడు వెంటనే తీసి చూపించాలె. పని అయిపోయినంక ఆ కాపీ మన దగ్గర ఎందుకు? తీసేయాలె. నా ఫోల్డర్‌లో నాలుగేండ్ల కింద పని అయిపోయినోళ్ల కాగితాలు కూడా ఉన్నయ్, ఎందుకు ఉంచుకున్ననో నాకే తెల్వదు. ఇప్పుడు సగానికి పైగా తీసేసిన. లేని కాగితాన్ని ఎవడూ దొంగిలించలేడు.

ఈ ఆదివారం ఒక పని చేయండ్రి. మీ కంప్యూటర్ ముందు కూసోని, అందులో మీవి కాని కాగితాలు ఎన్ని ఉన్నయో లెక్కపెట్టండ్రి. పని అయినయ్ తీసేయండ్రి. ఉండాల్సినయ్ పెట్టెలో వేసి తాళం వేయండ్రి. ఇగ నుంచి ఆధార్ తీసుకునేటప్పుడు, సరిపోయే చోట, చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండ్రి. ముసలోళ్ల బయోమెట్రిక్ లాక్ ఎట్ల వేయాలో వాళ్ల పక్కన కూసోని చూపించండ్రి. పింఛను నాడు తెరిచి, మళ్లీ వేసుడు కూడా మీరే నేర్పాలె.

ఆ తర్వాత కాగితాలు ఇచ్చినోళ్ల ఇండ్లకు పోయి, మీ కాగితం నా దగ్గర ఇట్ల ఉంది అని చెప్పండ్రి. నేను పోయిన. ఆ ముసలమ్మ ఇంటికి మొదలు పోయిన. లాప్‌టాప్ అడిగి తెచ్చుకొని, పెట్టె తెరిచి, ఆమె కాగితం చూపించి, మళ్లీ మూసి చూపించిన. ఆమెకు వెరాక్రిప్ట్ అంటే ఏం తెలుస్తది? తెర మీద తన పేరు పోయి, ఏం లేకుండ అయితే, "ఇప్పుడు నువ్వు లేకుంటే నాకెవరు తీసిస్తరు?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఆమె మనవరాలు ఇంటర్ చదువుతున్నది. వచ్చే ఆదివారం నుంచి నేర్పుతున్న.